లోపలి నుంచి గడియ

రెండు వేల తొమ్మిదో సంవత్సరం నవంబరు పద్దెనిమిది, బుధవారం. ఆ రోజు మధ్యాహ్నం పెదరేవు కోటలో తిన్నది నెత్తళ్ళ పులుసు, ముతక బియ్యపన్నం, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ. సూరాడ గురువులుని పెళ్ళిరోజు ఎప్పుడని అడిగితే కాస్త తడుముకుంటాడు గాని, ఈ తేదీ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇందులో అతని జ్ఞాపకశక్తి గొప్పేమీ లేదు. ఆ తేదీ, ఆ పులుసు రెండూ ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యాయి.

గురువులు పెదరేవు కోటకి కాపలాదారు. పడవలెక్కే వాళ్ళ కుటుంబంలో బి.ఎ. చదివిన మొదటివాడు, అదీ చరిత్ర. చదువుకి తగ్గ ఉద్యోగం సొంత ఊళ్ళోనే దొరికిందని చాలాకాలం సంతోషించాడు. చిక్కల్లా, అతను కాపలా కాయవలసిన కోట అక్కడ లేదు.

డచ్చివాళ్ళు కట్టి, ఇంగ్లీషువాళ్ళు ఎత్తు పెంచి, చివరికి ఇద్దరూ వదిలేసి పోయిన ఆ కోటని సముద్రం ఏటా కాస్త కాస్త కొరుక్కు తింది. ఒక తుఫానుకి బురుజులు పోయాయి. ఇంకో తుఫానుకి సింహద్వారం పోయింది. దొరల మేడ ఏ తుఫానూ లేని ఒక మామూలు మంగళవారం కూర్చున్నపళంగా కూలింది. మిగిలినవి సిపాయిల అవసరాలకి కట్టిన మూడే మూడు: ఒక వంటగది, ఒక నీళ్ళ కొట్టు, వరసగా అయిదు అరలున్న ఒక మరుగుదొడ్డి. కోట ఎక్కడండీ అని అడిగిన యాత్రికులకి గురువులు వినయంగా సముద్రం వైపు చెయ్యి చాపేవాడు. "అదిగోనండి, ఆ కెరటం విరుగుతోంది చూశారా, అదే సింహద్వారం."

మూడింటిలోనూ గట్టిది మరుగుదొడ్డే. కట్టిన మేస్త్రీ ఎవడో గాని అరల కింద రాతి కాలువ తవ్వి దాన్ని సముద్రానికి కలిపాడు. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి కాలువ కడిగి వెళ్ళిపోతుంది. రెండు రాజ్యాలు పోయాక కూడా ఆ నీళ్ళు తమ పని మానలేదు.

దానికి తలుపు పెట్టింది మాత్రం గురువులే. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు అరవై మంది ఉంటారు. తెల్లవారుజామున వచ్చి చీకటి పడ్డాక వెళతారు. మగవాళ్ళకి తీరమంతా ఉంది. ఆడవాళ్ళకి దాహం వేసినా నీళ్ళు తాగకపోవడం ఒక్కటే దారి. గురువులు భార్య అసిరితల్లి కూడా వాళ్ళలో ఒకతె. ఒకసారి అన్నం వడ్డిస్తూ అంది: "అన్ని పొస్తకాలు సదివినావు గదా. ఆ కోటలో రాజులేటి తిన్నారో, ఎవుణ్ణి నరికినారో అంతా రాసినారు. ఆల ఆడోళ్ళు ఎక్కడికెల్లేవోరో రాసినారేటి?" గురువులు ఆలోచించాడు. ఎక్కడా రాయలేదు. ఆ వారంలోనే విరిగిన నావ చెక్కలు తెచ్చి, రాతి చట్రం బాగున్న నాలుగో అరకి తలుపు బిగించాడు. లోపల ఒక గడియ పెట్టాడు. సంచీ తగిలించుకోడానికి తలుపు వెనక ఒక మేకు కూడా కొట్టమని ఆవిడ అడిగితే కొట్టాడు. ఆ తర్వాత ఆరేళ్ళకి ఆవిడ జ్వరంతో పోయింది. ఆరేళ్ళంటే తక్కువేమీ కాదని గురువులు తనకి తాను చెప్పుకుంటాడు.

సర్వే జరిగిన రోజుకి వస్తే, కోస్తా ప్రాచీన దుర్గాల సంరక్షణ విభాగం నుంచి ఇద్దరు వచ్చారు. డిప్యూటీ డైరెక్టరు గొట్టిముక్కల నరహరిరాజు ఒకరు. నోటు పుస్తకం పట్టుకున్న గుమాస్తా మృత్యుంజయం ఇంకొకడు. కార్తీకమాసం వెళ్ళి రెండో రోజు. నెలంతా కూరగాయలతో కాలక్షేపం చేసిన రాజుగారికి, పాత వంటగదిలో గురువులు తన కోసం పొయ్యి మీద పెట్టుకున్న పులుసు వాసన తగిలింది. కోట చరిత్ర మీద ఆయన ఆసక్తి ఆ పొయ్యి దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు మారు వడ్డించుకున్నారు.

వంతు రాక, ఆకలితో మృత్యుంజయం సర్వే ఫారం నింపుతూ తిరిగాడు. ఫారంలో తొమ్మిదో కాలమ్ 'ఇతరములు, కంటికి కనిపించినవన్నియు' అని ఉంది. ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ళలో ఏ కాలమూ ఖాళీగా వదలని మనిషి అతను. పొయ్యి మీద మట్టి దాక, అందులో పావు వంతు మిగిలిన పులుసు, ఆవిరి రాసుకున్నాడు. నీళ్ళ కొట్టు కప్పు మీద ఒక గోధుమరంగు మేక, తూర్పు ముఖంగా నిలబడి ఉన్నదని రాసుకున్నాడు. మరుగుదొడ్డి నాలుగో అర తలుపు తోశాడు. రాలేదు. తట్టాడు. లోపలి నుంచి "ఆగండి బాబూ, వత్తన్నాను" అని వినిపించింది. అదీ రాసుకుని, అన్నానికి పిలుపు వస్తే వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ తర్వాత గెజెట్ వచ్చింది. దాంతో పాటు నరహరిరాజు, ఒక బల్ల మీద పరిచేంత ఉత్తర్వు, లక్క, సీలు వచ్చాయి.

"గురువులూ, మనకి మంచిరోజులు వచ్చాయి," అన్నారు రాజుగారు. "మొత్తం కోస్తాలో సైనికుల వంటగది, నీళ్ళ కొట్టు, మరుగుదొడ్డి మూడూ ఒక్కచోట మిగిలింది ఇక్కడే. ఇక నుంచి ఇది సంరక్షిత కట్టడం. పదకొండో నిబంధన చదువుతాను, విను. సర్వే దినాంకమున ఏ స్థితి యుండెనో ఆ స్థితి యథాతథముగా కొనసాగవలెను."

"అంటే బాగుచేయిస్తారాండీ? వంటగది కప్పు కారుతోంది."

"పరిరక్షణంటే బాగుచెయ్యడం కాదయ్యా. కదలకుండా చూడ్డం. ఆ రోజు కారిందా?"

"ఆ రోజు వాన లేదండి."

"అయితే కారకూడదు. ఆ సంగతి కప్పుకి తర్వాత చెబుదాం. ముందు పులుసు ఏది?"

గురువులుకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా, సందర్శన వేళల్లో, పొయ్యి మీద దాక ఉండాలి. అందులో నెత్తళ్ళ పులుసు పావు వంతు ఉండాలి. ఆవిరి రావాలి. పావుకి తగ్గితే శిథిలం, మించితే ఆక్రమణ. మరిగి మరిగి పులుసు తగ్గుతుంది కాబట్టి గురువులు రోజూ నిండు దాక వండి, పక్కన పెట్టుకుని, గరిటెతో పోస్తూ ఉండాలి. మిగిలింది ఒడ్డున ఆడవాళ్ళు తిన్నారు. ఈ ఉత్తర్వు వల్ల ఎవరికైనా వేడివేడిగా మేలు జరిగిందంటే ఆ ఒక్కటే.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం వచ్చింది. నెత్తళ్ళు లేవు. విభాగం మత్స్యశాఖకి రాసింది. మత్స్యశాఖ మూడు కమిటీలు వేసి, వారసత్వ పరిరక్షణార్థం ఒక్క నావ, నెత్తళ్ళ నిమిత్తం మాత్రమే, సముద్రంలోకి వెళ్ళవచ్చని అనుమతి ఇచ్చింది. వలలో పొరపాటున పడ్డ వంజరాన్ని, అది పులుసులో ఉన్నట్టు సర్వేలో లేనందువల్ల, మర్యాదగా తిరిగి నీళ్ళలో వదిలారు.

మేక సంగతి మరికాస్త కష్టమైంది. ఆ మేక గరికిన పోలమ్మది. పోలమ్మ అసిరితల్లికి చెల్లెలి వరస, ఒడ్డున అరవై మందికీ పెద్ద. మేక ఏదని రాజుగారు అడిగారు.

"అది జాతరలో ఎల్లిపోనాది బాబూ," అంది పోలమ్మ.

"ఎక్కడికి వెళ్ళింది?"

"కడుపులోకి."

రాజుగారి ముఖం పాలిపోయింది. సంరక్షిత జాబితాలో ఉన్నదాన్ని తిన్నారంటే జైలు. అదృష్టం కొద్దీ తినడం గెజెట్‌కి ముందే జరిగిందని తేలింది. మూలం నశించిన చోట నమూనా ఉంచవచ్చుననే ఉపనిబంధన వెతికి తీసి, పోలమ్మ మందలోంచి గోధుమరంగు మేకని ఇంకోదాన్ని ఎంచి కప్పు ఎక్కించారు. తాడు కట్టడానికి వీల్లేదు, సర్వేలో తాడు లేదు. మేక కప్పు మీద కాసేపు తూర్పుకి తిరిగి సముద్రాన్ని చూసేది. విసుగొస్తే పడమటికి తిరిగేది. దాని కోసం గంటకోసారి నింపే దిశల రిజిస్టరు పెట్టారు. మేక పడమటికి తిరిగినప్పుడల్లా గురువులు తూర్పు వైపు నిలబడి చింతాకు రెమ్మ ఊపుతూ బతిమాలేవాడు. యాత్రికులు ఫొటోలు తీసుకునేవాళ్ళు. కోట ఎక్కడని అడగడం మానేశారు.

ఇంతవరకూ గురువులుకి నవ్వే వచ్చేది. తర్వాత రాజుగారు మరుగుదొడ్డి దగ్గరికి నడిచారు.

"నాలుగో అర. తలుపు మూసి ఉన్నది," అని గెజెట్ చదివి, తలుపు లాగి చూశారు. అది సులువుగా తెరుచుకుంది. "చూశావా? తెరుచుకుంటోంది."

"తలుపు గదండీ."

"మూసి ఉన్నదని ఉంది. అప్పుడప్పుడూ మూసి ఉన్నదని లేదు."

బయట గొలుసు వేశారు. గొలుసుకి తాళం వేసి దాని మీద లక్కతో సీలు కొట్టారు. సర్వేలో గొలుసు లేదు గదండీ అని గురువులు అడిగాడు. గొలుసు స్థితిలో భాగం కాదని, స్థితిని కాపాడే సాధనమని రాజుగారు చెప్పారు. మరి మేకకి తాడు ఎందుకు కాకూడదని అడుగుదామనుకుని, ఆయన ముఖం చూసి మానేశాడు. మిగిలిన నాలుగు అరల ముందూ యాత్రికులు లోపలికి చూసేలా ఇత్తడి బోర్డులు పెట్టారు.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం గురువులు పులుసు పంచుతుంటే పోలమ్మ వద్దంది.

"పులుసు తింటే దాహమేత్తాది బావా. పొద్దున నాలుగ్గంటలకి గుక్కెడు నీలు తాగినాను. మల్లీ సీకటి పడ్డాకే."

మిగిలినవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకురాలేదు. ఎండలో చేపలు తిరగేస్తున్నారు. వాళ్ళ పెదవులు పొరలు కట్టి ఉన్నాయి. అసిరితల్లి పెదవులు కూడా తలుపు పెట్టకముందు అలాగే ఉండేవి. గురువులు గరిటె పక్కన పెట్టాడు. ఆ పూట దాకలో పులుసు పావుకి తగ్గిపోయినా చూసుకోలేదు.

అతను అర్జీ రాశాడు. మంచి తెలుగులో, కాలేజీలో నేర్చుకున్న దస్తూరీతో రాశాడు. నెలకి జవాబు వచ్చింది: 'తమరు ఉదహరించిన అరువది మంది స్త్రీల అవసరము సర్వే దినాంకమున కంటికి కనిపించియుండలేదు. కావున అట్టి అవసరము ఈ కట్టడపు వారసత్వములో అంతర్భాగము కాజాలదని తెలియజేయడమైనది.' పోనీ పక్కన కొత్తది కట్టించమని రెండో అర్జీ పెట్టాడు. మూడు వందల గజాల లోపు కొత్త కట్టడం నిషిద్ధమని, ముఖ్యంగా మరుగుదొడ్డి కడితే పాతదాని ప్రాముఖ్యం తగ్గుతుందని జవాబు వచ్చింది.

"నీ సదువు పన్సేయనేదు బావా," అంది పోలమ్మ, కోపం లేకుండానే. "అక్క ఉంటే ఆ సీలు పళ్ళతో కొరికేసును."

"కొరికితే మూడేళ్ళు జైలు, పోలమ్మా."

"జైల్లో దొడ్డుంటాది గదా?"

ఆ మాటకి గురువులు నవ్వలేకపోయాడు.

మృత్యుంజయం నెలకోసారి తనిఖీకి వచ్చేవాడు. పులుసు పావు వంతు ఉందో లేదో కొలబద్ద పెట్టి చూసి, తర్వాత నాణ్యత పరీక్ష పేరుతో అన్నంలో పోసుకు తినేవాడు. చెడ్డవాడు కాదు. ఆ నెల అతను తింటూ ఉండగా గురువులు అడిగాడు.

"ఆ రోజు మీరు తలుపు తట్టారు గదండీ. లోపలి నుంచి ఎవరో పలికారు. గెజెట్‌లో ఆ ముక్క లేదేం?"

మృత్యుంజయం ముద్ద మింగి, నొచ్చుకున్నట్టు చూశాడు. "నేను రాయకుండా వదులుతానా? అచ్చులో చోటు చాలక కుదించారు. పులుసుని రాజుగారు కుదించనివ్వలేదు, అది దక్కింది. అసలు పుస్తకం నా దగ్గరే ఉంది. అదే మూలం. అచ్చుకీ దానికీ తేడా వస్తే చెల్లేది అదే."

సంచీలోంచి తీసి చూపించాడు. చేప పులుసు మరక పడ్డ పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: 'నాలుగో అర. చెక్క తలుపు. లోపలి నుంచి గడియ. లోపల ఒక స్త్రీ. తట్టగా, ఆగండి బాబూ వత్తన్నాను అని పలికినది.'

గురువులు ఆ పేజీని రెండుసార్లు చదివాడు. తర్వాత మృత్యుంజయానికి ఇంకో గరిటె పులుసు వేశాడు. ఆ రోజు దాక పూర్తిగా ఖాళీ అయింది.

మర్నాడు విభాగానికి మూడో ఉత్తరం వెళ్ళింది. ఈసారి అందులో అవసరం గురించి ఒక్క ముక్క లేదు. 'పదకొండో నిబంధన ఘోరముగా ఉల్లంఘింపబడుచున్నదని మనవి. తలుపు బయటి నుంచి బిగింపబడియున్నది, లోపలి నుంచి యుండవలెను. అందు స్త్రీ లేదు. తట్టినను ఎవ్వరూ పలుకుట లేదు. పై అధికారుల తనిఖీ సమీపించుచున్నందున ఈ నష్టమునకు బాధ్యులెవరో సెలవియ్యవలెను.'

మూడో రోజుకి నరహరిరాజు జీపు దిగారు. గడ్డం గీసుకోలేదు. విభాగం డైరెక్టరు డాక్టర్ హైమావతి వచ్చే నెలలో స్వయంగా చూడ్డానికి వస్తున్నారని అప్పటికే కబురు వచ్చి ఉంది. మూల పుస్తకంతో సరిచూడకుండా సంతకం పెట్టే మనిషి కాదని ఆవిడకి పేరు.

"సీలు తీసెయ్యండి," అన్నారు రాజుగారు. "లోపలి నుంచి గడియ వెయ్యి."

"లోపలి నుంచి వేస్తే వేసినవాళ్ళు లోపలే ఉండిపోతారండి."

"అదే గదయ్యా కావలసింది. ఆ స్త్రీ ఎవరు?"

ఆ రోజు లోపల పలికింది పోలమ్మేనని ఒడ్డున అందరికీ తెలుసు. అందరూ ఆవిడ వైపు చూశారు. రాజుగారు ఆవిడకి నమస్కారం చేశారు. ఇన్నాళ్ళలో మొదటిసారి.

"అమ్మా, మూల స్త్రీవి నువ్వే. పది నుంచి అయిదు వరకు లోపల ఉండాలి. ప్రభుత్వానికి నీ సేవ కావాలి."

"రోజంతా నేను దొడ్డిలో కూకుంటే నా సేపలు ఎవుడు తిరగేత్తాడు, నువ్వా?"

రాజుగారు టేప్‌రికార్డరు పెడదామన్నారు. కరెంటు తీగ సర్వేలో లేదని మృత్యుంజయం గుర్తుచేశాడు. బొమ్మని పెడదామన్నారు. బొమ్మ గడియ వెయ్యలేదు. రాజుగారు తలపట్టుకుని వంటగది గడప మీద కూర్చున్నారు. అప్పుడు గురువులు, చేతులు కట్టుకుని, మెల్లగా అన్నాడు.

"మూలం దొరకని చోట నమూనా ఉంచొచ్చు గదండీ. మేక విషయంలో అలాగే చేశాం."

"అంటే?"

"ఒడ్డున అరవై మంది స్త్రీలున్నారండి. ఒకరి తర్వాత ఒకరు. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు."

"అంటే నన్నూ మేకనీ ఒక జాబితాలో రాసేత్తన్నావన్నమాట," అంది పోలమ్మ.

"నీ పేరే ముందు ఉంటుంది పోలమ్మా."

"ఒకరు వచ్చి ఇంకొకరు వెళ్ళేటప్పుడు తలుపు తెరవాలి గదా?" అన్నారు రాజుగారు అనుమానంగా.

"అది సంరక్షకుల మార్పిడి అండి. పెద్ద పెద్ద కోటల్లో ఉంటుంది."

ఆ మాట రాజుగారికి బాగా నచ్చింది. అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు: సందర్శన వేళల్లో నాలుగో అరలో ఒక గౌరవ సంరక్షకురాలు ఎల్లప్పుడూ ఉండవలెను, లోపలి నుంచి గడియ వేయవలెను, తట్టిన యెడల నిర్ణీత వాక్యము పలుకవలెను. లక్క పగిలిన చప్పుడు విని ఒడ్డున చేపలు తిరగేస్తున్న వాళ్ళంతా తలలెత్తారు. ఆ సాయంత్రానికి మంచినీళ్ళ బిందె రెండుసార్లు నిండుకుంది.

యాత్రికులకి ఈ ఏర్పాటు మేక కంటే నచ్చింది. తట్టడం, "ఆగండి బాబూ" వినడం, నవ్వుకుంటూ వెళ్ళడం. మరీ ఎక్కువసార్లు తట్టినవాడికి పోలమ్మ నిర్ణీత వాక్యానికి తన సొంత వాక్యాలు కొన్ని చేర్చేది. అవి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

డైరెక్టరు హైమావతి తనిఖీకి వచ్చిన రోజు ఆవిడ కారు నాలుగున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చింది. దారిలో రెండుచోట్ల సన్మానాలు, కొబ్బరినీళ్ళు అయ్యాయి. ఆవిడ దిగి, దాక కేసి చూసి సరే అన్నారు. మేక తూర్పుకే ఉంది, సరే అన్నారు. రెండు మెట్లు ఒక్కసారి దిగి మరుగుదొడ్డి ముందుకి వచ్చారు. పుస్తకం తెరిచి మృత్యుంజయం చదవబోయాడు. ఆవిడ వినలేదు. తట్టారు.

"ఆగండి బాబూ, వత్తన్నాను."

డైరెక్టరు ఆగారు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చారు. చుట్టూ చూశారు. కనుచూపు మేర ఇసుక, సముద్రం, తన వెనక పద్నాలుగు మంది మగ అధికారులు. చివరికి గురువులు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ తలుపు... నిజంగా పనిచేస్తుందా?"

"చేస్తుందండి," అన్నాడు గురువులు, ఆవిడ కేసి చూడకుండా. "పోటు ఇప్పుడే వచ్చి వెళ్ళింది. శుభ్రంగా ఉంటుంది. సంచీకి లోపల మేకు కూడా ఉందండి."

తలుపు తెరుచుకుంది. పోలమ్మ బయటికి వచ్చి, డైరెక్టరు ముఖం ఒకసారి చూసి, పక్కకి తప్పుకుంది. "ఎల్లండమ్మా. గడియ కాస్త ఎత్తి తొయ్యాల."

నరహరిరాజు ఆ సమయానికి కెరటాల హోరులో, వెనక ఎవరికో మేక దిశల రిజిస్టరు చూపిస్తూ ఉన్నారు. తిరిగి చూసేసరికి తలుపు మూసి ఉంది. డైరెక్టరుగారు ఎటో షికారు వెళ్ళారనుకుని, ఆవిడ వచ్చేలోగా ఒకసారి సరిచూద్దామని, పద్నాలుగు మంది ముందు దర్జాగా తట్టారు.

జవాబు లేదు.

ఆయన కంగారుపడ్డారు. గట్టిగా తట్టారు. "ఏమమ్మా, పలకవేం? ఉత్తర్వు మర్చిపోయావా? పలుకు!"

"ఆగవయ్యా!" అంది లోపలి నుంచి ఒక చదువుకున్న గొంతు.

మృత్యుంజయం అలవాటు చొప్పున రాసుకోబోయి, పోలమ్మ చూపు తగిలి కలం మూసేశాడు.

డైరెక్టరు బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, చాలాసేపు ఆ తలుపుని చూశారు. ఈ చెక్క ఏ కాలం నాటిదని అడిగారు. గురువులు అబద్ధం చెప్పలేదు. తన భార్య కాలం నాటిదని చెప్పాడు. ఆవిడ తల ఊపి, మృత్యుంజయం పుస్తకం అందుకుని, సొంత చేతితో రాశారు: నాలుగో అర స్థితి మూలముతో పూర్తిగా సరిపోయినది, దీనిని ఎవ్వరూ ఏనాడూ కదపరాదు, ఇట్టివి మరో తొమ్మిది కావలెను, మూడు వందల గజాల నిబంధన ఇందుకు అడ్డురాదు. నరహరిరాజు పక్కనే నిలబడి, అది మొదటి నుంచీ తన అభిప్రాయమేనన్నారు.

తొమ్మిదీ ఇంకా రాలేదు. ఫైలు నడుస్తోందని అంటున్నారు. ఈ ఒక్కటీ ఉంది.

ఆ తనిఖీ రోజు అయిదు గంటలకి యాత్రికులు వెళ్ళిపోయారు. మేక తనంతట తానే కప్పు దిగి ఇంటిదారి పట్టింది. పావు వంతు పులుసు గురువులు, మృత్యుంజయం చెరిసగం తిన్నారు. చీకటి పడుతుండగా ఆడవాళ్ళు బుట్టలెత్తుకున్నారు. అందరికంటే ఆఖర్న పోలమ్మ నాలుగో అరలోంచి వచ్చి, బిందెలో నీళ్ళు చేత్తో పట్టి కడుపారా తాగింది.

"ఎల్లొత్తాను బావా."

"మంచిది పోలమ్మా. జాగ్రత్త."

గురువులు లాంతరు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు. కాలువలోకి రాత్రి పోటు చిన్నగా చప్పుడు చేస్తూ వస్తోంది. తలుపు వెనక మేకు సంచీల రాపిడికి నున్నబడి మెరుస్తోంది. రాసుకునేవాళ్ళెవరూ లోపలికి వచ్చి చూడలేదు కాబట్టి అది ఏ సర్వేలోనూ లేదు, ఏ గెజెట్‌లోనూ లేదు. అతను దాన్ని ఒకసారి వేలితో తాకాడు. గాలికి కొట్టుకోకుండా తలుపుని మెల్లగా దగ్గరికి వేసి, రేపటికి సులువుగా వచ్చేలా బయట ఒక తాడు ముక్క వదులుగా చుట్టాడు.